శాస్త్రజ్ఞుని కృషికి కొలత

నాగర్‌కర్నూలు జిల్లాలోని నల్లమల అడవులలో పులి యున్నదనుటకు ఒక్క అడుగుజాడ చాలును. కాని ఎన్ని పులులున్నవో ఆ జాడ చెప్పజాలదు. ఒకే పులి అడుగు తడి నేలపై ఒక తీరుగను, గట్టి నేలపై మరియొక తీరుగను పడును. అందుచేత ఒక పులిని రెండుగా లెక్కించు ప్రమాదము కలదు.

ఈ చిక్కును విడదీసినవారిలో ముఖ్యులు కర్ణాటకకు చెందిన కె. ఉల్లాస్ కారంత్. ఆయన మొదట ఇంజనీరింగు చదివి, పిమ్మట వన్యప్రాణి శాస్త్రమున ప్రవేశించిరి. పులి చారలు మన వ్రేలిముద్రల వంటివి. ఏ రెండు పులులకును ఒకే విధముగ నుండవు. జంతువు ఎదుటికి రాగానే తమంత తామే ఫొటో తీయు కెమెరాలను నాగరహొళె అడవిబాటల ప్రక్కన అమర్చి, చారలనుబట్టి ఆయన పులులను గుర్తించిరి. ఈ పద్ధతిని తెలుపు వ్యాసము 1995లో వెలువడినది. అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ నికల్స్‌తో కలిసి వ్రాసిన వ్యాసము 1998లో వచ్చినది.

ఇందలి సూత్రము సులభము. ఒక అడవిలో మొదటిసారి 10 పులులు ఫొటోలకు చిక్కిన వనుకొందము. కొన్నాళ్లకు మరల 8 చిక్కగా, అందు 4 పాతవే. అనగా రెండవసారి చిక్కినవానిలో సగము మనకు తెలిసినవి. కావున మొదటి 10 పులులు మొత్తములో సుమారు సగము. మొత్తము దాదాపు 20. ఈ నడుమ పులులు చావక, పుట్టక, వలసపోక యున్నప్పుడే ఈ లెక్క సరిపోవును.

మచ్చలుగల చిరుతలకు, దక్షిణ అమెరికాలోని జాగ్వార్లకు కూడ ఇదే పద్ధతి పనికివచ్చినది. సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాదు పులుల అభయారణ్యమందును నేడు కెమెరాలతో గణన జరుగుచున్నది.

ఒకరి వ్యాసమును ఇతరులు తమ వ్యాసములలో పేర్కొనుటను ఉల్లేఖన మందురు. యూజీన్ గార్ఫీల్డ్ 1964లో ఉల్లేఖనముల సూచికను ప్రచురించెను. 2005లో భౌతిక శాస్త్రజ్ఞుడు హిర్ష్ ‘హెచ్ సూచిక’ను ప్రతిపాదించెను. ఒకరి ఐదు వ్యాసములకు వరుసగా 10, 8, 5, 4, 3 ఉల్లేఖనములున్నచో, నాలుగింటికి కనీసము నాలుగేసి కలవు. కనుక సూచిక 4. ఒక్క వ్యాసమే ప్రసిద్ధమైనను, పనికిరానివి నూరు వ్రాసినను ఈ సంఖ్య పెరుగదు.

అయినను ఈ తూనికకు లోపము కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన శ్రీనివాసులు, నాగులు నల్లమలలోని క్షీరదములను, పక్షులను వివరించుచు 2002లో ఒక వ్యాసము ప్రకటించిరి. గణన పద్ధతి ప్రపంచమంతటికి పనికివచ్చును. ఒక అడవి పట్టిక ముఖ్యముగ ఆ అడవిని గూర్చి పనిచేయువారికే పనికివచ్చును. కావున దానికి ఉల్లేఖనములు తక్కువగ నుండుట సహజము. కాని ఏ జాతి మాయమైనదో రేపు తెలియవలె నన్నచో, నేడు ఏవి యున్నవో వ్రాసిపెట్టిన పట్టికయే ఆధారము. లేనిచో ఒక జాతి అంతరించినను, పోయినదని చెప్పువారు కూడ ఉండరు.

గద్వాల విద్యార్థులు జూరాల జలాశయము వద్దను, వనపర్తి, నాగర్‌కర్నూలు విద్యార్థులు తమ ఊరి చెరువుల వద్దను కనిపించు పక్షులను తేదీ, వేళ, సంఖ్యలతో ఏటేట వ్రాసియుంచవచ్చును. ఉపాధ్యాయులు ఆ పుస్తకమును పాఠశాలలో భద్రపరచినచో, పదేండ్ల పిమ్మట అది ఒక శాస్త్రజ్ఞునకు అక్కరకు రాగలదు.