మొండికేసిన బ్రేకులు

పాస్కల్ సూత్రం చెప్పమంటే సైన్సు చదివిన ప్రతివాడూ నిద్రలో లేపినా చెబుతాడు. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి కలిగిస్తే అది అన్నివైపులకూ సమానంగా ప్రసరిస్తుంది. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది ఈ సూత్రం మీదనే. కాని దాని విలువ నాకు తెలిసింది క్లాసులో కాదు, మా పెరట్లో.

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ మా ఇంట్లో ఇంకా ఒకటుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులున్న పాత బండి. ఏళ్లతరబడి షెడ్డులో ఉన్నదాన్ని బయటికి తీసి బ్రేకు తొక్కితే, పెడల్ తడిబట్టల మూట మీద కాలేసినట్టు దిగిపోయింది.

కారణం గాలి. ద్రవం నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. బాయిల్ లెక్కన 30 రెట్ల ఒత్తిడిలో అది ముప్పయ్యో వంతుకు కుంచించుకుపోతుంది. మన కాలిబలమంతా గాలిని నలపడానికే చాలిపోతే చక్రానికి మిగిలేదేమిటి? పైగా బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకానికి కొత్తలో కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండే మరుగు స్థానం తేమ పట్టాక 140కి పడిపోవచ్చు. ఘాటురోడ్డు దిగేటప్పుడు డ్రమ్ములు కాగి ఆ తేమ ఆవిరైతే, అదీ గాలి చేసే పనే చేస్తుంది. అందుకే సీలు విప్పని కొత్త డబ్బా వాడాలి. ఇంజన్ ఆయిల్ పోశారా, రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. మా అమ్మ పెడల్ దగ్గర, నేను చక్రం దగ్గర. బండిని జాకీ మీదనే వదలక గట్టి స్టాండ్ల మీద నిలపాలి. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో, అంటే మన బండ్లలో వెనుక ఎడమ చక్రంతో, మొదలుపెట్టాలి. నిప్పిల్‌కు సన్నని ప్లాస్టిక్ గొట్టం తొడిగి, రెండో కొస గాజు సీసాలోని ఆయిల్‌లో ముంచాలి. "పట్టు" అంటే అమ్మ మెల్లగా తొక్కి పట్టుకుంటుంది. నేను నిప్పిల్ అరచుట్టు విప్పుతాను, బుడగలు వస్తాయి. బిగించాకే "వదులు" అనాలి. ముందుగా వదిలితే పోయిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది. పైడబ్బాలో ఆయిల్ ఎన్నడూ అడుగంటకూడదు. గబగబా తొక్కితే గాలి నురగై ఇంకా మొండికేస్తుంది. పెడల్ నేలదాకా పోకుండా కింద చెక్కముక్క పెట్టండి. పాత సిలిండర్ చివరి తుప్పు రబ్బరును కోసేస్తుంది.

నిప్పిల్ తుప్పుపట్టి కదలకపోతే బలం చూపకండి, విరుగుతుంది. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచి, మర్నాడు రింగు స్పానర్‌తో కొంచెం బిగించి, అప్పుడు విప్పాలి.

రెండు రోజులు తీశాం. బుడగలు ఆగాయి గాని పెడల్ ఎత్తు రాలేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. రెండు మూడుసార్లు కొడితే పెడల్ పైకొచ్చి గట్టిపడిందా, తప్పు గాలిది కాదు, షూలకూ డ్రమ్ముకూ ఉన్న ఎడం ఎక్కువైంది. పైకొచ్చినా స్పాంజిలా ఆడుతోందా, ఇంకా గాలి ఉంది, లేదా పాత రబ్బరు గొట్టం ఉబ్బుతోంది. తొక్కిపట్టగా నెమ్మదిగా కిందికి జారుతోందా, ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ వాషరు అరిగింది. ఎంత గాలి తీసినా ప్రయోజనం లేదు, దాన్ని మార్చాల్సిందే.

మాది మొదటి రోగం. చక్రం కదలనంతగా షూలు బిగించి, మరోసారి గాలి తీసి, చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా మళ్లీ వదులు చేశాను.

ఇంత చాదస్తం దేనికంటారా? ఈ పాత బండ్లలో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ దారి. ఎక్కడ ఒక్కచోట తెగినా నాలుగూ పోతాయి, మిగిలేది చేతిబ్రేకే. అందుకే నిమిషంసేపు తొక్కిపట్టినా పెడల్ జారకూడదు. తరువాత ఖాళీ మైదానంలో నడకవేగంతో పరీక్షించాలి. ఏమాత్రం అనుమానమున్నా మెకానిక్కును పిలవాలి, పరువు అడ్డం రాకూడదు.

ఆ సాయంత్రం అమ్మ చివరిసారి తొక్కి, "ఒరేయ్, ఇప్పుడు బండరాయి మీద కాలేసినట్టుందిరా" అంది. నాకు అంతకు మించిన ఫస్టుక్లాసు ఏ పరీక్షలోనూ రాలేదు.