జామాయిల్‌కు బెరడు ఊడితే తెగులు కాదు - చోటు చూసి నాటండి

ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, నున్నటి తెల్లమానుతో చూడముచ్చటగా ఉంటుందని ఇంటి దొడ్లో, చేను గట్టున జామాయిల్ నాటే రైతులు చాలామంది ఉన్నారు. మాను మీద బెరడు పేలికలు పేలికలుగా ఊడేసరికి తెగులేమోనని కంగారు పడి మందు కొట్టేవారూ ఉన్నారు. మందు అక్కర్లేదు. మాను లావెక్కేకొద్దీ పైనున్న పాత బెరడు చచ్చి ఊడిపోవడం ఈ చెట్టు గుణం. మొదట్లో మట్టి పొర కట్టితే మాత్రం చెద పట్టిందని గుర్తించాలి. లేత ఆకుల ఈనెల మీద, తొడిమల మీద బుడిపెలు లేస్తే అది గాల్ కందిరీగ పని. అలాంటి మొక్కలు నర్సరీలోనే వదిలెయ్యండి.

ఎక్కడ నాటకూడదు?

మిరప, పత్తి చేల గట్ల మీద వద్దు. దీని వేళ్లు పక్క చేలోకి పాకి నీరు, సత్తువ లాగేస్తాయి. నీడ సరేసరి. గట్టు పక్క సాళ్లు గిడసబారితే మీకూ నష్టమే, పక్క రైతుతో తగాదా అదనం. పైరుకు కనీసం 30 అడుగుల ఎడం ఉంచండి. బావి దగ్గర, కరెంటు తీగల కింద, ఇంటి గోడ పక్కన వద్దు. పెద్దగాలికి కొమ్మలు విరుగుతాయి. ఎండిన ఆకులో నూనె ఉంటుంది కనుక నిప్పు ఇట్టే అంటుకుంటుంది. గడ్డివాముకు, మిరప కల్లానికి దూరంగా ఉండాలి.

నాటే పద్ధతి

నీరు నిలవని మెరక చేను, ఎర్ర చెలక బాగుంటాయి. నీరు నిలిచే నల్లరేగడి పల్లం పనికిరాదు. అడుగున్నర గుంట తీసి, తట్టెడు పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి మట్టిలో కలిపి, వానలు పడ్డాక నాటండి. ప్లాస్టిక్ సంచి తీసెయ్యడం మరవొద్దు. తోటగా వేస్తే సాళ్ల మధ్య 3 మీటర్లు, మొక్కల మధ్య 2 మీటర్లు ఉంచితే ఎకరాకు సుమారు 670 మొక్కలు పడతాయి. భద్రాచలం క్లోన్ మొక్కలైతే తోట ఒకే తీరున పెరుగుతుంది. మొదటి ఏడాది కలుపు లేకుండా చూడాలి. పశువులు ఆకు పెద్దగా ముట్టవు.

నరికే ముందు

నాలుగైదేళ్లకు కర్ర కాగితం మిల్లులకు పనికొస్తుంది. బెరడు ఒలిచి టన్నుల్లెక్కన అమ్ముతారు. కర్ర ఆరేకొద్దీ తూకం తగ్గుతుంది. అందుకని ముందు బేరం, తర్వాత గొడ్డలి. మోడు నుంచి వచ్చే చిగుళ్లలో బలమైన రెండింటిని ఉంచితే మళ్లీ కోతకొస్తుంది.

ఉన్నది ఎకరమో, రెండెకరాలో అయితే మరోసారి ఆలోచించుకోండి. మళ్లీ మిరప వేద్దామనుకుంటే మోళ్లు పెకలించడానికి యంత్రం పెట్టాల్సిందే. ఆ ఖర్చు మీ నెత్తినే పడుతుంది. నీరు పారే మంచి చేను పైరుకు ఉంచి, పైరు పండని మెరక ముక్కనే జామాయిల్‌కు ఇవ్వండి.