బరాత్ బాకాకు కొలువు దొరికేనా?

కర్దనూర్ (పటాన్‌చెరు): పెళ్ళి బరాత్ వస్తోందంటే ముందుగా చెవిన పడేది బాకా మోత. ఎర్రకోటు తొడిగి ట్రంపెట్ ఊదే కుర్రవాడి వెంట పిల్లలు పరుగులు తీసేవారు. ఇప్పుడు ఆ చోటును డీజే పెట్టెలు ఆక్రమించాయి. ఆషాఢంలో, మూఢాల్లో ముహూర్తాలే ఉండవు. ఆ రోజుల్లో పూట గడవాలంటే పారిశ్రామికవాడలో షిఫ్టు కూలీయే దిక్కు. ఊదటం మానితే పెదవి పట్టు తప్పుతుంది. మరి ఈ విద్యకు నెలజీతం వచ్చే కొలువు లేదా? ఉంది. కాని దారి ఇరుకు.

పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో వందమంది దాకా కూర్చున్నా ఇత్తడి వాద్యాలవారు సాధారణంగా పది పన్నెండు మందే. నాలుగు హారన్లు, రెండు మూడు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, ఒక ట్యూబా. ముంబయిలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాలోనూ విదేశీ వాద్యకారులు చాలామంది ఉన్నారు. మద్రాసు సినిమా స్టూడియోలు ఒకప్పుడు ఎందరికో అన్నం పెట్టాయి. కీబోర్డులు, కంప్యూటర్లు వచ్చాక ఆ పిలుపులు తగ్గాయి.

మన పిల్లలకు దగ్గరి దారి సైనిక బ్యాండు. వైమానిక దళం అగ్నివీర్ వాయు పథకం కింద సంగీతకారులను తీసుకుంటోంది. పదో తరగతి పాసై ఉండాలి. శ్రుతి, లయ తప్పకుండా వాయించాలి. స్వరలిపి చదవగలగాలి. వయసు పరిమితి ఉంది గనుక బడిలో ఉన్నప్పుడే సాధన మొదలుపెట్టడం మేలు. అయితే ఈ కొలువు నాలుగేళ్ళే. ఆ తర్వాత నూటికి 25 మంది వరకే కొనసాగిస్తారు. సైనిక బ్యాండు వారికి చదువు చెప్పే సంగీత విభాగం మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో 1950 నుంచి నడుస్తోంది.

మన బ్యాండు మేళాల వారికి ఊపిరికి కొదవ లేదు. ట్రంపెట్‌కు ఉన్నవి మూడే మీటలు. పెదవి బిగించి, సడలించి వాటిమీదనే సినిమా పాటంతా పలికిస్తారు. అయితే విని నేర్చినదే తప్ప, అయిదు గీతల స్వరలిపి చాలామందికి రాదు. ఎంపికలో వెనుకబడేది ఇక్కడే. లండన్ ట్రినిటీ కళాశాల వారి గ్రేడు పరీక్షలు హైదరాబాదులోనే జరుగుతున్నాయి. కాని ఫీజు కట్టి పంపే స్తోమత కూలి కుటుంబాలకు ఎక్కడిది?

పటాన్‌చెరులో ఆదివారం పూట స్వరలిపి నేర్పే గురువు ఒక్కరున్నా చాలు. పారిశ్రామికవాడ యాజమాన్యాలు, గ్రామ పెద్దలు ఈ దిశగా ఆలోచించాలి. లేకుంటే అటకెక్కిన బాకా మళ్ళీ కిందికి దిగదు.