ధాన్యపు వేడిని, బ్యాటరీ కరెంటును కొలుచు చిప్పులు



నిలువయుంచిన ధాన్యములోనికి చేయి దూర్చి వేడి చూచుట మనకు తాతల నాటి నుండి వచ్చిన అలవాటు. తేమ మిగిలిన గింజకు బూజో, పురుగో పట్టినచో కుప్ప లోపల వేడి పుట్టును. అయితే ఆ వేడి చేతికి తెలియునప్పటికే కొంత గింజ చెడియుండును. ఒకటి రెండు డిగ్రీలు పెరిగినప్పుడే దానిని పట్టగలిగినచో, ధాన్యమును తిరిగి ఎండబోసి కాపాడుకొనవచ్చును. ఈ పని చేయుటకు నేడు గోరంత సిలికాను చిప్పులు దొరకుచున్నవి. వీటిని ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లందురు. అవి ఎట్లు కొలుచునో తెలిసినగాని వాటిని ఎంతవరకు నమ్మవచ్చునో తెలియదు.

వేడిని గుర్తించు విధము

చిప్పులోని ట్రాన్సిస్టరు గుండా స్వల్పముగా కరెంటు పంపినచో సుమారు 0.6 వోల్టు ఏర్పడును. వేడి 1 డిగ్రీ పెరిగిన కొలది ఇది సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గును. కాని ఈ వోల్టేజి చిప్పు చిప్పుకు కొంత మారుచుండును. కావున ఒక ట్రాన్సిస్టరుకు ఒక వంతు, దాని జోడుకు పది వంతులు కరెంటు ఇచ్చి, రెండింటి తేడాను కొలుతురు. 27 డిగ్రీల వద్ద ఈ తేడా సుమారు 60 మిల్లీవోల్టులు. డిగ్రీకి 0.2 మిల్లీవోల్టు చొప్పున ఇది పెరుగును. చిప్పు ఏదైనను ఈ లెక్క మారదు.

తక్కెడ పళ్లెములు మార్చు ఉపాయము

ఇక్కడ ఒక చిక్కు కలదు. కొలుచు భాగములోనే 2 మిల్లీవోల్టుల తప్పున్నచో, లెక్క 10 డిగ్రీలు తప్పిపోవును. సంతలో తక్కెడ మీద అనుమానము కలిగినప్పుడు మీరేమి చేయుదురు? సరకును, రాళ్లను పళ్లెములు మార్చి మరల తూచెదరు. రెండు తూకముల సగటు తీసినచో తక్కెడలోని మొగ్గు పోవును. చిప్పు కూడ ఇదే పని చేయును. రెండు తీగలను మాటిమాటికి తారుమారు చేసి, సగటు తీసికొనును.

కరెంటును పంచు భాగములు కూడ సరిసమానముగా నుండవు. పదకొండు మానికలలో ఒక్కొక్కటి కొంచెము ఎక్కువ తక్కువగా నున్నచో, ఒక్కదానినే నమ్మక వంతులవారీగా అన్నిటితో కొలుచుట మేలు. చిప్పులో కూడ ఒక వంతు ఇచ్చు భాగమును ఇట్లే మార్చుచుందురు.

హాలెండులోని డెల్ఫ్టు సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన పెర్టైస్, మకిన్వా, హైసింగ్ అను శాస్త్రజ్ఞులు 2005లో ఈ ఉపాయములను వాడి ఒక చిప్పును చేసి చూపిరి. దానిని ఒక్క ఉష్ణోగ్రత వద్ద సరిచేసినంతనే, సున్నకు దిగువ 55 డిగ్రీల నుండి 125 డిగ్రీల వరకు తప్పు 0.1 డిగ్రీ లోపుననే నిలిచెను.

కరెంటు కొలతకు వేడి కొలత ఏల?

బ్యాటరీలో మిగిలిన ఛార్జిని లెక్కించు చిప్పు, కరెంటు పోవు దారిలో నుంచిన చిన్న లోహపు ముక్కపై ఏర్పడు వోల్టేజిని చూచును. ఆ ముక్క నిరోధము ఓములో వెయ్యవ వంతు అయినచో, 10 ఆంపియర్లకు 10 మిల్లీవోల్టులు వచ్చును. ముక్క రాగిది అయినచో, డిగ్రీకి సుమారు 0.39 శాతము చొప్పున నిరోధము పెరుగును. ఎండలో 25 డిగ్రీలు వేడెక్కినచో లెక్క సుమారు 10 శాతము తప్పును. మీరు చేనులో స్ప్రేయరు వాడుచుండగా, ఛార్జి ఇంకను మిగిలియున్నను తక్కువగా చూపవచ్చును. అందుచే ఒకే చిప్పులో వేడిని కూడ కొలిచి, కరెంటు లెక్కను సరిచేయుదురు.

పొదుపే కచ్చితము

2000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ నుండి చిప్పు ఎడతెగక 1 మిల్లీ ఆంపియరు తీసికొన్నచో, 83 రోజులకు బ్యాటరీ అయిపోవును. 10 నిమిషములకు ఒక్క సెకను మాత్రమే మేల్కొని, మిగిలిన కాలము దాదాపు ఏమియు తీసికొనకుండ నిద్రించు చిప్పుకు ఆ బ్యాటరీయే ఏండ్ల తరబడి వచ్చును. మరియొక లాభము కలదు. ఎక్కువ కరెంటు త్రాగు చిప్పు తానే వేడెక్కి, తన వేడినే కొలుచును. కావున పొదుపైన చిప్పు కచ్చితమైన చిప్పు కూడ అగును.

మీరు చేయవలసినవి

1. కొనునప్పుడు తప్పు ఎంతవరకు ఉండునో అడుగుడు. విరివిగా దొరకు డి.ఎస్.18బి20 చిప్పుకు 10 డిగ్రీల చలి నుండి 85 డిగ్రీల వేడి వరకు అర డిగ్రీ ఎక్కువ తక్కువ ఉండవచ్చును.

2. నలగగొట్టిన మంచుగడ్డను మంచి నీటితో కలిపి, తడి తగులకుండ చిప్పును అందులో ముంచి చూడుడు. సున్న డిగ్రీలు చూపవలెను. ఎంత తేడా వచ్చునో వ్రాసి ఉంచుకొనుడు.

3. చిప్పును గోడ ప్రక్కన గాక, కుప్ప నడుమ ఉంచుడు. పెద్ద నిలువకు ఒక్కటి చాలదు.

4. ప్రతిదినము ఒకే వేళకు అంకె వ్రాయుడు. ఒక చోట మాత్రము వేడి దినదినము పెరుగుచున్నచో, జాగు చేయక ఆ భాగమును విప్పి చూడుడు.

గింజ తేమను 14 శాతమునకు దిగువకు దించిన తరువాతనే నిలువ చేయవలెను. తడి ధాన్యమును ఏ చిప్పును కాపాడలేదు. అది ముందుగా హెచ్చరించును. ఆ హెచ్చరిక విని ఆ దినముననే ధాన్యమును ఎండకు తీయుట మీ పని.