స్టాంపులు సేకరిస్తున్నారా? నెలకు రూ.500తో ఏవి కొనాలంటే..

బడ్జెట్ తక్కువా? అయితే ముందు ఒక్క టాపిక్ ఫిక్స్ అవ్వండి. పక్షులో, రైళ్లో, నిజాం కాలం నాటి హైదరాబాద్ స్టాంపులో! కనిపించినవన్నీ కొంటే జేబు ఖాళీ అవుతుంది కానీ సెట్ ఒక్కటీ పూర్తవదు.

కొత్తవైతే హైదరాబాద్ అబిడ్స్ జీపీవోలోని ఫిలాటెలిక్ బ్యూరోలో ముఖ విలువకే ఇస్తారు. రూ.5 స్టాంపు రూ.5కే. డీలర్ దగ్గరికి పరుగెత్తక్కర్లేదు.

పాతవాటితోనే అసలు చిక్కు. అంచు పళ్లు విరిగినా, మరక పడినా విలువ పడిపోతుంది. వాడని స్టాంపు ఖరీదెక్కువైతే, ముద్ర పడినది చూడండి.. చాలావరకు తక్కువకే వస్తుంది. బొమ్మ మీద ముద్ర లైట్‌గా ఉంటే చాలు.

1948 నాటి రూ.10 గాంధీ స్టాంపు ‘చీప్‌గా ఇస్తాం’ అంటే మాత్రం ఆగండి! దానికి నకిలీలు ఎక్కువ. నిపుణుల సర్టిఫికెట్ లేకుండా డబ్బులు పంపొద్దు.