పాత హార్డు డిస్కును మరల వాడుట

రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరిన 1956లోనే ఐ.బి.ఎం. వారి తొలి డిస్కు యంత్రము వెలువడెను; దాని 50 పళ్లెములలో నేటి ఫోను ఛాయాచిత్రము లొకటి రెండే పట్టును. నేడు బిడ్డల బాల్యమంతయు నొక్క డిస్కులో నున్నది.

పాత కంప్యూటరునుండి తీసి వేఱొకదానిలో అమర్చిన డిస్కు ‘చదువుటలో లోపము’ అని చూపినచో, ఫార్మాటు చేయుటకు తొందరపడవలదని తలిదండ్రులకు మా మనవి. టిక్కుటిక్కుమను శబ్దము వచ్చినచో వెంటనే విద్యుత్తు ఆపవలెను. లేనిచో ముందు కేబులును మార్చి చూడుడు. పెక్కుమార్లు దోషము దానిదే. పిమ్మట చదువ వీలైన ఫైళ్లకు వేఱొకచోట నకలు తీయవలెను. డిస్కు తన యారోగ్యమును తానే లెక్కించుకొను ‘స్మార్టు’ పట్టికలో పెండింగు సెక్టార్లు, అనగా చదువబడక మిగిలిన గడులు, సున్న కానిచో అనుమానింపవలసినదే. త్వరిత ఫార్మాటు విషయసూచికను మాత్రమే తిరిగి వ్రాయును, పుటలను ముట్టదు. పూర్తి ఫార్మాటు ప్రతి గడిలోను వ్రాయును. అప్పుడు చెడినదానికి బదులు డిస్కు మిగులు గడి నిచ్చును. ఆ తరువాతను సంఖ్య పెరుగుచున్నచో, అందు మార్కుల పట్టిక మాట యటుండ, సినిమా పాటనైనను దాచవలదు.