పాల చౌడా, కారు చౌడా?

మా పామర్రు నుంచి ఒక రోడ్డు బెజవాడకు, ఒకటి బందరుకు, ఒకటి గుడివాడకు. మట్టి పరీక్షల ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ మూడు దారుల మట్టీ గుడ్డసంచుల్లో నా బల్ల మీదికి వచ్చేది. సంచి విప్పగానే ఏ వైపుదో చెప్పేయగలనని గొప్పలు పోయేవాణ్ణి.

దివిసీమ రైతు ఒకాయన ఆ గొప్ప కాస్తా వదిలించాడు. చేను మీద తెల్లటి పొర, నారు ఎర్రబడి చచ్చిపోవడం చెప్పాడు. నేను పరీక్ష కాకుండానే "చౌడే, జిప్సం వేయండి" అనేశాను. ఆయన ట్రాక్టరుతో తోలించుకున్నాక ఫలితం వచ్చింది. ఉదజని సూచిక 8 లోపే. ఉప్పు మాత్రం బోలెడు. అది పాల చౌడు; జిప్సంతో పని లేదు. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. "పోన్లెండి సారూ, జిప్సం డబ్బులు పోతే పోయాయి, జబ్బు పేరు తెలిసింది" అన్నాడాయన. అంత మర్యాదగా ఎవరూ నన్ను తిట్టలేదు.

చౌడు రెండు రకాలు. కారు చౌడులో సోడియం మట్టి రేణువులను పట్టుకుని వదలదు. సూచిక 8.5 దాటుతుంది, నీళ్లు ఇంకవు. జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని తోసేస్తుంది, తర్వాత నీళ్లతో కడగాలి. పాల చౌడులో లవణాలు నీటిలో కరిగేవే. మట్టిని నీళ్లలో కలిపి కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూస్తే ఉప్పు లెక్క తేలుతుంది. ఆ అంకె 4 దాటితే పాల చౌడు కిందే లెక్క. వరికైతే 3 దాటినప్పటి నుంచే నష్టం. ఆపైన పెరిగే ఒక్కో అంకెకు దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుంది. మందు మంచినీళ్లే: నిలగట్టి, ఇంకనిచ్చి, మురుగు కాలువలోకి పంపేయాలి.

చిక్కంతా ఆ మురుగు కాలువ దగ్గరే. కాలువల చివరి భూముల్లో వాలు ఉండదు, డ్రెయిన్లో గుర్రపుడెక్క. కడిగిన ఉప్పు ఎటు పోతుంది? పైగా పక్కన రొయ్యల చెరువు ఉంటే ఉప్పు ఊట. 1977 నవంబరు 19 ఉప్పెన సముద్రాన్నే చేలమీదికి తెచ్చింది. బందరు పరిశోధన స్థానం చౌడు తట్టుకునే ఎంసీఎం 100 లాంటి వరి వంగడాలు తెచ్చింది గానీ, వంగడం ఓర్చుకుంటుందే తప్ప ఉప్పు తీసేయదు.

పామర్రు చుట్టుపక్కల నల్లరేగడిది వేరే కథ. ఇక్కడ చాలా చేలల్లో భాస్వరం పేరుకుపోయి ఉంది. అదెక్కువైతే జింకు అందదు, వరి ఆకు తుప్పు రంగుకు తిరుగుతుంది. డీఏపీ తగ్గించమని రాసిస్తే ఒకాయన, "బస్తా పడకపోతే పక్క చేనోడు నవ్వుతాడండీ" అన్నాడు. ఆ నవ్వుకు నా దగ్గర పరీక్ష లేదు.

నాకు ఇష్టమైన పరీక్ష కర్బనానిది. నారింజ రంగు డైక్రోమేట్‌లో మట్టి వేసి ఆమ్లం పోస్తే, కర్బనం ఉన్నకొద్దీ రంగు పచ్చబడుతుంది. అర శాతం లోపైతే తక్కువ. గడ్డి తగలబెట్టిన చేలో ఆ పచ్చదనం కనపడేది కాదు. పాత కృష్ణా జిల్లా అనిగండ్లపాడు నుంచి బాపట్ల వ్యవసాయ కళాశాలకు వెళ్లి చదివిన చెరుకుమల్లి శ్రీనివాసరావు గారు మెట్ట నేలల్లో కర్బనం నిలిపే పరిశోధనతో పేరు తెచ్చుకుని, 2025లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్ఐకి డైరెక్టరయ్యారు. మా రైతులకు ఆ పేరు తెలియకపోవచ్చు. జీలుగ కలియదున్నడం, కోతకు రెండు మూడు రోజుల ముందు వరిలో మినుము చల్లడం మాత్రం తెలుసు.

పరీక్షకు పంపాలంటే పంట తీశాక, ఎరువు వేయకముందే మట్టి తీయండి. ఎకరంలో ఎనిమిది, పది చోట్ల జానెడు లోతున తీసి, కలిపి, అరకిలో మిగుల్చుకుని నీడలో ఆరబెట్టండి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప వేసినచోట మాత్రం తీయకండి.